డస్టర్ సారు

మా బావను కాలేజీలో పిల్లలు డస్టర్ సారు అంటారు. ఆ పేరు పెట్టిన పిల్లాడెవరో తెలిస్తే వాడి చేతికి బంగారు కడియం తొడుగుతాను. కాలేజీలో నూట నలభై కంప్యూటర్లు ఆయన చేతి కింద ఉన్నాయి. ప్రతి శనివారం ఒంటిపూట క్లాసులు అయిపోగానే ఆయన ల్యాబు తలుపు వేసుకుని, వరసకు వరస ఒకేసారి అన్నిటినీ తుడిచేసి, వాటిని నడిపే లినక్స్ అనే సిస్టమ్‌ను మళ్లీ మొదటినుంచి ఎక్కిస్తాడు. వారమంతా పిల్లలు రాసుకున్న ప్రోగ్రాములు, సగంలో ఉన్న ప్రాజెక్టులు, దాచుకున్న ఫొటోలు అన్నీ గంగలో కలిసిపోతాయి. సోమవారం ఎవరైనా ఏడుపు మొహంతో వస్తే మాట్లాడకుండా గోడ మీది బోర్డు చూపిస్తాడు. 'మీ వస్తువులకు మీరే బాధ్యులు' అని ఉంటుంది. ఆ బోర్డు రాసిందీ ఆయనే.

"నూట నలభై అంటే మాటలా? ఒక్కోదానికి ఏం రోగమొచ్చిందో కనుక్కుంటూ కూర్చుంటే నా ఉద్యోగం అయిపోతుంది. తుడిచేస్తే ఇరవై నిమిషాల పని" అంటాడు. ల్యాబు వరకు ఆ మాట నిజమే, కాదనను. ఆ బుద్ధిని ఇంటికి మోసుకొచ్చాడు చూడండి, అక్కడ చెడింది నాకూ ఆయనకూ.

నేను చదువుకునే రోజుల్లో రెండేళ్లు అక్కావాళ్లింట్లో ఉన్నాను. మంచం కింద అట్టపెట్టెలో నావి తొమ్మిది నోటు పుస్తకాలు ఉండేవి. కంప్యూటర్ కొనే స్తోమత లేనప్పుడు కాగితం మీద రాసుకున్న ప్రోగ్రాములు అవన్నీ. ఒకరోజు వచ్చి చూస్తే మంచం కింద నేల అద్దంలా మెరుస్తోంది, పెట్టె లేదు. "వాటి మీద పేరుందా? పేరు రాయనిది ఎవరిదీ కాదు. చెత్త అనుకున్నాను" అన్నాడు బావ. కనీసం తల కూడా ఎత్తలేదు. అది జరిగి పద్నాలుగేళ్లు. అప్పట్నుంచి మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

మనిషిని చూస్తే ఏ వంకా పెట్టలేం, అదొక చిరాకు. ఉతికిన చొక్కా, జేబులో చిన్న స్క్రూడ్రైవరు, నల్ల మార్కరు పెన్ను, ముడిచిన అట్టతో ఒక చిన్న పుస్తకం. పుస్తకంలో ఆయన కమాండ్లు ఉంటాయి. ఇరవై ఏళ్లుగా అవే ఏడు వరసలు. కళ్లు ఆ పేజీ మీదే పెట్టి టపటపా కొడతాడు, తెర వంక చూడడు. మార్కరుతో ఇంట్లో అన్నిటి మీదా పేర్లు రాశాడు. ఉప్పు డబ్బా మీద 'ఉప్పు', గొడుగు మీద ఇంటి నంబరు, హాల్లో గోడ గడియారం మీద 'హాలు'. గడియారం లేచి వంటింట్లోకి నడుచుకుంటూ పోతుందని కాబోలు.

ఇలాంటి మనిషి పక్కన మా అక్క ఎలా కాపురం చేస్తోందో నాకెప్పటికీ అర్థం కాదు. అక్కది నాకంటే పదునైన బుర్ర. పనిచేసే కంపెనీలో ఆమె విభాగం మొత్తాన్నీ ఎత్తేశారు. ఏడాదిగా ఇంట్లోనే ఉంది. ఖాళీగా మాత్రం లేదు. లిఫ్టు నడిచే శబ్దం విని, లోపల ఏ భాగం పాడవబోతోందో ముందే చెప్పే ప్రోగ్రాము ఒకటి రాసింది. అందుకోసం కనపడిన ప్రతి భవనానికీ వెళ్లి, వాచ్‌మెన్లను బతిమాలుకుని, లిఫ్టుల్లో నిలబడి ఎనిమిది వందల పైచిలుకు శబ్దాలు రికార్డు చేసింది. ప్రతిదాన్నీ చెవి పెట్టి విని, 'తాడు సడలింది', 'తలుపు పట్టాలో రాయి', 'మోటారు గురక' అని ఒక్కొక్కటికీ గుర్తు రాసుకుంది. ఒక లిఫ్టుల కంపెనీ వాళ్లు సోమవారం పది గంటలకు రమ్మన్నారు. శబ్దాలు వినిపించి పని చేసి చూపిస్తే ఉద్యోగం అక్కడికక్కడే అన్నారు. ప్రోగ్రాము చిన్నది, ఇంటర్నెట్‌లో ఇంకో కాపీ ఉంది. శబ్దాలు బరువు. అవి అక్క ల్యాప్‌టాప్‌లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేవు.

ఆ ల్యాప్‌టాప్ ప్రోగ్రామర్ల కోసమే తయారైంది, తయారుచేసిన కంపెనీ నుంచే లినక్స్‌తో వచ్చింది. అట్టపెట్టె విప్పిన రోజే బావ చేతులు దురద పెట్టాయి. "ఎవడో ఎక్కించి పంపింది మనమెందుకు వాడాలి? తుడిచి మనది ఎక్కిద్దాం" అన్నాడు. అక్క దాన్ని గుండెకు హత్తుకుని "ముట్టుకున్నారంటే చేతులు విరగ్గొడతాను" అంది. అలా ఏడాది బతికింది.

శుక్రవారం ఏదో అప్‌డేట్ వచ్చింది. శనివారం పొద్దున అక్క దాన్ని తెరిస్తే నల్ల తెర. నాకు ఫోన్ చేసింది, పరిగెత్తాను. మొదలయ్యేటప్పుడు మీట నొక్కి పట్టుకుంటే అక్షరాల తెర వచ్చింది. బొమ్మల తెర రాదు, అంతే. పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లి చూస్తే శబ్దాలన్నీ క్షేమంగా ఉన్నాయి. తెరను నడిపే డ్రైవరు ప్రోగ్రాము కొత్తగా వచ్చినదానికీ ల్యాప్‌టాప్ కంపెనీ వాళ్లు పెట్టిన సిస్టమ్‌కూ పడటం లేదని నాకు గంటలో తేలింది. పాతదాన్ని వెనక్కి తేవాలి. సాయంత్రానికి అయ్యే పని.

మధ్యాహ్నం మూడింటికి బావ వచ్చాడు. ల్యాబు మొత్తం తుడిచి ఆ ఊపు మీదే వచ్చాడు.

"ఏంటి మరదలా, పొద్దుట్నుంచీ జాతకం చూస్తున్నావా దానికి?"

"రోగం దొరికింది బావా. ఇంకో మూడు గంటల్లో మందు పడుతుంది."

"మూడు గంటలా! తుడిచేస్తే ఇరవై నిమిషాలు. లే, ఇటివ్వు."

"ఇది మీ ల్యాబులో డబ్బా కాదు."

"ఏ డబ్బా అయినా డబ్బాయే."

అక్క మా ఇద్దరి మధ్యకూ వచ్చింది. సోమవారం బెంగతో రెండు రోజులుగా నిద్ర లేదు ఆమెకు. "కాకుల్లా పొడుచుకోకండి ఇద్దరూ. ముందు నా శబ్దాలు కాపీ తియ్యండి. ఆ తర్వాత తుడుస్తారో కడుగుతారో మీ ఇష్టం. సాయంత్రానికి ఇది నడవాలి" అంది. సోమవారానికి బట్టలు ఇస్త్రీ చేసుకోవడానికి పక్కగదిలోకి వెళ్లింది. బావ కుర్చీ లాక్కున్నాడు. నేను వెనకాల నిలబడ్డాను.

కాపీలు దాచడానికి కాలేజీ నుంచి తెచ్చిన డ్రైవును పక్కన తగిలించి, పుస్తకం తెరిచి మొదలుపెట్టాడు. ల్యాబులో కంప్యూటర్లకు లోపలి డిస్కు ఒకటో నంబరు, బయట తగిలించే డ్రైవు రెండో నంబరు. అక్క ల్యాప్‌టాప్‌లో డిస్కు వేరే రకం, దాని వరస వేరు, కాబట్టి బయట తగిలించిందే ఒకటో నంబరు. బావ పుస్తకంలో రెండు అని ఉంది. రెండనే కొట్టాడు. రెండో డ్రైవు ఏదీ లేదని తెర మీద ఒక వరస వచ్చింది. ఆయన కళ్లు పుస్తకం మీద ఉన్నాయి. అప్పటికే కాపీ కమాండు కొట్టేశాడు.

డ్రైవు కోసమని ఆయన ఒక ఫోల్డరు చేసి పెట్టాడు. డ్రైవు దానికి జతకాకపోతే అది ల్యాప్‌టాప్‌లోనే ఉండే మామూలు ఫోల్డరు. శబ్దాలన్నీ అందులోకి పోతున్నాయి. ఇల్లు కూల్చేముందు సామానంతా అదే ఇంట్లో పక్కగదిలోకి చేరవేసినట్టు.

అదంతా నేను చూశాను. ఎర్రర్ వరసా చూశాను, బయటి డ్రైవు మీద లైటు ఒక్కసారి కూడా మిణుకుమనకపోవడమూ చూశాను. గంట పట్టాల్సిన కాపీ ఆరు నిమిషాల్లో అయిపోయింది.

"చూశావా వేగం! నువ్వైతే ఇంకా రోగం వెతుకుతూ ఉండేదానివి" అన్నాడు బావ.

నోరు విప్పాల్సింది. విప్పలేదు. తొమ్మిది నోటు పుస్తకాలు గొంతుకు అడ్డం పడ్డాయి. ఇప్పుడే చెబితే 'ఓహో' అని సరిచేసుకుంటాడు, అక్కకు తెలియను కూడా తెలియదు. అలా కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'డిస్కు మొత్తం తుడిచేయమంటారా?' అని తెర మీద అడుగుతుంది కదా, సరిగ్గా అక్కడ, అక్క కళ్లముందు ఆయన చెయ్యి పట్టుకుని ఆపాలి. ఏం చేయబోయాడో ఆమెకు చూపించాలి. పద్నాలుగేళ్ల కడుపుమంట ఒక్క దెబ్బతో చల్లారాలి. ఇదీ నా ఆలోచన.

ఆయన లినక్స్ ఉన్న పెన్‌డ్రైవు పెట్టి ల్యాప్‌టాప్‌ను మళ్లీ ఆన్ చేశాడు. భాష అడిగింది, కీబోర్డు అడిగింది. నేను గొంతు పెంచి పిలిచాను.

"అక్కా, ఒకసారి ఇలా రా. నీకొకటి చూపించాలి."

"ఒక్క చెయ్యి మిగిలిందే చొక్కాకి. వస్తున్నా."

గుమ్మం వైపు చూశాను. వెనకాల టక్‌మని మీట చప్పుడైంది.

వారానికి నూట నలభై సార్లు ఆ ప్రశ్నకు అవునని చెప్పే మనిషికి అది ప్రశ్నే కాదని నాకు తట్టలేదు. "ఆపండి!" అని అరిచాను. అక్క డిస్కుకు పాస్‌వర్డ్ తాళం ఉంది. తుడవడం మొదలుపెట్టగానే ముందుగా పోయేది ఆ తాళంచెవే. ఆ తర్వాత లోపల ఏమున్నా ఎవరూ చదవలేరు.

"ఏంటి?" అన్నాడు బావ, నా వైపు తిరిగి.

"ఏం లేదు" అన్నాను.

ఇరవై నిమిషాల్లో ల్యాప్‌టాప్ నిగనిగలాడుతూ లేచింది. తెర వచ్చింది, మూత వేసి తీస్తే నిద్ర లేచింది. అక్క ఇస్త్రీ చొక్కా చేత్తో పట్టుకుని వచ్చి "మీ చెయ్యి పడితే చాలండీ" అని నవ్వింది. బావ దర్జాగా బయటి డ్రైవు తెరిచాడు. అందులో కాలేజీ పాత ప్రశ్నపత్రాలు ఉన్నాయి. ఇంకేమీ లేవు. మూసి తెరిచాడు. పీకి మళ్లీ తగిలించాడు.

"నా శబ్దాలేవండీ?" అంది అక్క.

బావ పుస్తకం పేజీ తిప్పాడు, వెనక్కి తిప్పాడు. "నాదే తప్పు" అన్నాడు చివరికి.

అప్పుడు నేను చేసిన పని చెబితే మీరు నా మొహం చూడరు. అరగంట ఆయన్ను దులిపేశాను. "నూట నలభై మెషిన్లు చూసే మనిషికి డ్రైవు జతయిందో లేదో చూసుకోవాలని తెలీదా? లైటు చూసుకోరా?" అని అక్క ముందు నిలబెట్టి కడిగేశాను. అక్క నాలా అరవలేదు. చొక్కా మడిచి కుర్చీ మీద పెట్టింది.

"నేనే పేరు రాసుకోలేదు. చెత్త అనుకుని ఉంటారు" అంది.

సోమవారం వెళ్లింది. వినిపించడానికి ఏమీ లేని ప్రోగ్రామును పది నిమిషాలు చూసి, కబురు చేస్తామన్నారు. కబురు రాలేదు. ఇంట్లో అక్క డబ్బాల మీది పేర్లన్నీ పీచుతో గీకి కడిగేసింది. ఒకరోజు నేను చూస్తుండగానే బావ టీలో ఉప్పు కలుపుకున్నాడు. కిక్కురుమనకుండా తాగేశాడు. అది చూసి నాకు తృప్తి కలిగింది. తృప్తి కలిగిందని ఆ రాత్రికే సిగ్గేసింది.

రెండు నెలల తర్వాత ఒక శనివారం మా ఆఫీసు భవనంలో లిఫ్టు ఎక్కితే లోపల బావ ఉన్నాడు. జేబులో స్క్రూడ్రైవరు పక్కన ఇంకేదో ఉంది. ప్రతి శనివారం ల్యాబు పని ఎవరికో అప్పగించి ఇలా లిఫ్టుల శబ్దాలు రికార్డు చేస్తూ తిరుగుతున్నాడని, మూడు వందల పన్నెండు లిఫ్టులు అయ్యాయని చెప్పాడు. సాయంత్రం ఆ శబ్దాలున్న మెమరీ కార్డు అక్క బల్ల మీద పెడతాడట. అక్క మాట్లాడదట గానీ, ప్రతి ఒక్కటీ చెవి పెట్టి విని గుర్తులు రాస్తుందట.

తలుపు మూసుకుంది. లిఫ్టు కదిలింది. నేను అంకెలు చూస్తూ నిలబడ్డాను.

"ఆ రోజు ఆపండి అని అరిచావు" అన్నాడు. "మీట నొక్కిన వెంటనే. ఎందుకు ఆపమన్నావో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. ఆ లైటు వెలగలేదని నువ్వు ముందే చూశావు కదా?"

"చూశాను."

"కాపీ అవుతున్నప్పుడే?"

"కాపీ అవుతున్నప్పుడే. అక్క ముందు మీ పరువు తీద్దామని ఆగాను."

తొమ్మిదో అంతస్తులో లిఫ్టు ఆగింది, తలుపు తెరుచుకుంది. ఇద్దరం దిగలేదు. ఆయన జేబులోంచి రికార్డరు తీశాడు. దాని మీద ఎర్ర లైటు వెలుగుతోంది.

"అయ్యో. ఇది నడుస్తూనే ఉంది" అన్నాడు. దానివంకా నావంకా చూశాడు. "మీ అక్క వింటుంది. చెరిపేయమంటావా?"

పద్నాలుగేళ్లలో ఆ మనిషి ఏదైనా చెరిపే ముందు ఒకరిని అడగడం నేనెప్పుడూ చూడలేదు.

"వద్దు" అన్నాను. "దాని మీద నా పేరు రాసి పెట్టండి."