పిల్ల కాని సుంచెలుక

సదానందం సిరిసిల్ల నుంచి రాష్ట్రం దాటి జోల్వాకొచ్చి ఏళ్ల తరబడి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాడు. బట్ట నేయడంలో అతనికి వంక పెట్టలేం గానీ, హిందీ మాత్రం ఇప్పటికీ వచ్చీరానిదే. ఆ హిందీయే ఒకనాడు అతని కొంప ముంచబోయింది.

ఆ పొద్దున అతని సాంచా మీద పోగులు గుత్తులు గుత్తులుగా తెగి ఉన్నాయి. ముందురోజే సెలవు కోసం మేనేజర్ రవీంద్రభాయ్‌తో గొడవపడ్డాడాయె. ఇంకేముంది, కక్షకొద్దీ బ్లేడు పెట్టాడని మేనేజర్ తేల్చేశాడు. తలుపు మూయించి, పోలీసులను పిలుస్తానని ఫోన్ తీశాడు.

ఇది సుంచెలుక పని అని చెప్పాలని సదానందం తాపత్రయం. ఆ మాటకు హిందీ దొరక్క "చూహే కా బచ్చా!" అని అరిచాడు. ఎలుక పిల్ల అని. మేనేజర్ అది తనను తిట్టిన తిట్టనుకున్నాడు. మొహం కందగడ్డయింది. తోటి సాంచాల వాళ్లం మేం కాళ్లావేళ్లా పడి అర్థం చెబితే, "పిల్ల ఉంటే తల్లేది? ఎలుకలు దూరకుండా మోరీకి ఇనుప జాలీ ఉంది. జిగురు అట్ట మీద ఒక్క ఎలుకా పడలేదు" అన్నాడు. మా లెక్కలోనూ సుంచెలుకంటే పెద్దెలుక కన్న పిల్లే మరి!

అప్పుడే టిఫిన్ డబ్బాతో తలుపు తట్టి లోపలికొచ్చింది అతని కూతురు సంధ్యారాణి. బీఎస్సీ జువాలజీ చదువుతోంది. సంగతంతా విని తండ్రిని అడిగింది.

"బాపూ, ఎనుక చేన్ల చెరుకు కొట్టిన్రా?"

"మొన్ననే కొట్టిన్రు బిడ్డా."

"గట్లయితే సుంచెలుక ఆడికెల్లి వచ్చింది. మా పుస్తకాలల్ల దాన్ని మస్ బూడుగా అంటరు. ఎలుకలది రాటస్ జాతి, దీని జాతే వేరు. ఎంత పెరిగినా బొటనవేలంతనే ఉంటది. జాలీ దీన్నేం ఆపుతది?"

అదే హిందీలో మేనేజర్‌కీ చెప్పింది. "చూపించు" అన్నాడతను, ఫోన్ దింపకుండా.

సాంచా కింది గుడ్డ పీలికల కుప్పను మెల్లగా లాగాం. గోధుమరంగుది ఒకటి చటుక్కున దూకింది. సదానందం పిడికిట్లో పట్టేశాడు. జారితే జైలే. బిగించి పట్టాడు.

"ఇంతది పిల్లే" అన్నాడు మేనేజర్.

సంధ్యారాణి పీలికలు విప్పింది. కళ్లు తెరవని ఎర్రటి కూనలు. "ఇది పిల్ల కాదు సాబ్, తల్లి. బాపూ, పొట్ట చూపియ్యి."

సదానందం పిడికిలి తెరిచాడు. పొట్ట మీద పాలచన్నులు కనిపించాయి. మేనేజర్ ఫోన్ జేబులో వేసుకుని, "పోగులు అతికించి సాంచా చాలూ చెయ్" అని వెళ్లిపోయాడు. తప్పయిందని అనలేదు. పెద్దమనిషి కదా!

మేం గట్టిగా ఊపిరి పీల్చుకున్నాం. సదానందం మాత్రం కదల్లేదు. అరచేతిలోది కూడా కదలడం లేదు.

"నేను జర మెల్లగ పట్టుకునేదుండె బిడ్డా" అన్నాడు.

తల్లిని తీసుకెళ్లి కూనల పక్కన పెట్టాడు. అవి గుడ్డిగా తడుముకుంటూ చన్నులు వెతుక్కున్నాయి. అంత మనిషీ నేలమీద కూలబడి ఏడ్చాడు.