బావ కారుకు ఏడు వారాల వణుకు

పోయిన నెల మా అక్క కొడుకు మార్కాపురంలో మా వాకిట్లో కారు నిలిపి, ఇంజను ఆపకుండానే కిందికి దిగాడు. నాకు చూపించాలనే ఆపలేదట. డీజిల్ కారు, కొని రెండేళ్ళు కాలేదు. ఘాట్ రోడ్డులో ఇంకొంచెం ఊపు కావాలని పట్నంలో ఎవరిచేతనో దాని కంప్యూటరు లెక్కలు మార్పించి, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి వేయించుకున్నాడు. అప్పటినుంచి అది రోడ్డు మీద పులి, నిలబెడితే చలిజ్వరం. బానెట్టు మీద వాలిన కాకి రెండు క్షణాలు ఓర్చుకుని, ఇక తన వల్ల కాదని లేచిపోయింది. వాడు కారు రోగం చెప్పే చిన్న డబ్బీ ఒకటి స్టీరింగు కింద గుచ్చి, సెల్‌ఫోను చూసుకుని, “మూడో ఇంజెక్టరంట మామా” అన్నాడు. నేను పైకి అయ్యో పాపమన్నాను గానీ, లోపల కలిగిన ఆనందం డెబ్బై దగ్గరపడిన మనిషికి తగింది కాదు. వాడు మా బావ కొడుకు. వాళ్ళ నాయన కారు కూడా ఒకప్పుడు ఇట్లాగే వణికింది, అది ఏడు వారాలపాటు వణకడంలో నా పాత్ర కొంత ఉంది.

మార్కాపురంలో బియ్యస్సీ ఫిజిక్సు పూర్తి చేసి, ఏ ఉద్యోగమూ నా కోసం కంగారుపడటం లేదని తేలాక, మా అక్క భర్త నడిపే పలకల గనిలో చేరాను. గనిలో ఊరే నీళ్ళను తోడే డీజిల్ ఇంజను చూసుకోవడం నా పని. దానికి ఆయిలు మార్చాలని మూడు సార్లు చెప్పాను, మూడు సార్లూ బావ వచ్చే వారం చూద్దామన్నాడు. నాలుగో వారం ఇంజను పట్టేసి ఆగిపోయింది. గట్టు మీద ముప్పై మంది కూలీలు పనాపి చూస్తుంటే బావ నడుం మీద చేతులు పెట్టుకుని, “ఇంజను సచ్చింది ఆయిలు లేక కాదబ్బా, మా బామ్మర్దికి సదువెక్కువై” అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా కొంచెం నవ్వాను, ఎందుకంటే మాట బాగుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. బాగాలేని మాటైతే ఆ సాయంత్రానికే చచ్చేది. ఇది పెద్దారవీడు దాకా నడిచిపోయింది, చుట్టాల పెళ్ళిళ్ళలో నాకంటే ముందే పంక్తిలో కూర్చునేది. అర్ధవీడు నుంచి సంబంధం చెప్పడానికి వచ్చిన పెద్దాయన నా పేరడగకముందే, “ఆ ఇంజను పిల్లోడివి నువ్వేనా?” అన్నాడు. సంబంధం కుదరలేదని వేరే చెప్పనక్కరలేదు.

ఏ ముప్పై మంది ముందు ఆ మాట అన్నాడో వాళ్ళ ముందే, తప్పు తనదేనని బావ నోటితోనే అనిపించాలి. ఆ వయసులో నాకు జీవితాశయం అంటూ ఏదైనా ఉంటే అదొక్కటే.

గని వదిలి గిద్దలూరు పోయి ఒక డీజిల్ వర్క్‌షాపులో కుదిరాను. అక్కడి మేస్త్రీ బడి ముఖం చూడని మనిషి, కానీ ఇంజను రోగం చెవితో పట్టేవాడు. ఇంజను నిలకడగా తిరగకుండా మిస్సింగ్ కొడుతుంటే ఆయన చేసే పరీక్ష మన తరం వాళ్ళలో కొందరికి గుర్తుండే ఉంటుంది. బండి స్లోలో ఆడుతుండగా ఒక్కొక్క సిలిండరుకు పోయే డీజిల్ గొట్టం నట్టు కొంచెం వదులు చేయాలి. చేయగానే ఇంజను కుంటితే ఆ సిలిండరు కష్టపడి పనిచేస్తున్నట్టు, ఏ మార్పూ లేకపోతే దొంగ అదే. ఉమ్మడి కుటుంబాలకు కూడా ఇట్లాంటి నట్లు ఉంటే ఎంత బాగుండేదో అని ఆయన అంటుండేవాడు.

నాలుగేళ్ళు గడిచాయి. బావ ఒక పాత పెట్రోలు కారు కొని, దాని ఇంజను పీకేసి, డీజిల్ ఇంజను ఎక్కించాడు. మెకానిక్కును పిలవలేదు, గనిలో రాళ్ళెత్తే గొలుసు కప్పీతో తన కూలీల చేతనే ఎక్కించి, తాను పక్కన నిలబడి ఆజ్ఞలిచ్చాడు. కారు పరుగెత్తేటప్పుడు బాగానే ఉండేదట, కంభం రైల్వే గేటు దగ్గర ఆగిందంటే మాత్రం వెనక కూర్చున్న మా అక్క చెవి కమ్మలు కూడా టకటకలాడేవట. మార్కాపురంలో నలుగురు మెకానిక్కులు పంపు విప్పారు, ఇంజెక్టర్లు మార్చారు, చివరికి దిష్టి తీయమన్నారు. అప్పుడు మా అక్క పట్టుబట్టి బావను నా దగ్గరికి పంపింది.

ఆయన ఎదురుగానే నాలుగు నట్లూ వరసగా వదులు చేసి చూశాను. నాలుగిట్లోనూ ఇంజను కుంటింది, అంటే నాలుగూ నిజాయితీపరులే. రోగం ఇంజను లోపల లేదు. కింద చెయ్యి పెట్టి తడిమితే దొరికింది. ఇంజను కూర్చునే రబ్బరు దిమ్మెలు లేవు, వాటి చోట పలక ముక్కలున్నాయి. రబ్బరు పెడితే ఎత్తై బానెట్టు మూతపడలేదు కాబోలు. మంచం కోడు ఊగినా, తలుపు వాలినా, ఎంత మందం కావాలంటే అంత పొర ఊడదీసి కింద దోపడం మా మార్కాపురం వాళ్ళకు పుట్టుకతో వచ్చే విద్య. నల్లటి పలకకు గ్రీజు పట్టి అచ్చం రబ్బరులాగే ఉంది కాబట్టి ఎవరి కంటా పడలేదు. రాయి మీద కూర్చున్న ఇంజను తన ప్రతి దెబ్బనూ కారు ఒంటికి అందిస్తోంది, అంతే.

పావుగంటలో ఇదంతా తెలిసిపోయింది. చేతులు తుడుచుకుని, “కొంచెం చిక్కుగానే ఉంది బావా. వచ్చే వారం చూద్దాం” అన్నాను.

ఆ తరవాత ప్రతి గురువారమూ వచ్చాడు. ఒక వారం ఫిల్టర్లు కడిగాను, ఒక వారం ఇంజెక్టర్లు విప్పి ఎట్లా ఉన్నవి అట్లాగే బిగించాను. ఐదో వారం స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు, పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాను. వినడానికి అందులో ఏమీ లేదు, ఎండలో బల్ల మీద కూర్చున్న బావ నిట్టూర్పులు తప్ప. మధ్యాహ్నం నా గదిలోనే అన్నం పెట్టేవాణ్ణి. పగవాడైనా అక్క మొగుడు. గోంగూర బాగుందని రెండోసారి వేయించుకునేవాడు.

మేస్త్రీ ఒకరోజు బీడీ ముట్టించుకుని, “ఏందబ్బయ్యా, ఆ కారుకు రోగం యాడుందో నీకు మొదటి రోజే తెలిసినాది గదా?” అన్నాడు. తెలిసిందన్నాను. “మరి?” అన్నాడు. “కారును చూసినాను మేస్త్రీ, ఇంకా రోగిని చూడాల” అన్నాను.

ఏడో వారం, ఇది ఇక్కడ అయ్యేది కాదు, గని దగ్గరే కప్పీకి కట్టి చూడాలన్నాను. బావ ఒప్పుకున్నాడు. పని దినమే చూసుకుని పోయాను. కూలీలందరూ పలకలు వదిలేసి చుట్టూ మూగారు. ఇంజను పైకెత్తించి, గ్రీజు ముద్దల్లోంచి పలక ముక్కలు ఒక్కొక్కటే తీసి నేల మీద పరిచాను. ఇంజనును మోసే ఇనుప పట్టీని అంగుళం దించి వెల్డింగు చేయించి, రబ్బరు దిమ్మెలు కూర్చోబెట్టి స్టార్టు చేస్తే, వణుకు తగ్గి ఇంజను పిల్లి గురకలాగా ఆడింది. అప్పుడు పెద్ద ముక్కొకటి చేతికి తీసుకుని, ఏడు వారాలుగా తయారుగా ఉన్న ప్రశ్న అడిగాను.

“బావా, ఇంజను కింద ఇది పెట్టించింది ఎవరు?”

బావ ఆ ముక్క తీసుకుని, గ్రీజు తుడిచి, ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇది మన గని రాయి కాదబ్బా” అన్నాడు. “మనదైతే ఇట్ల వణికేది కాదు.”

ముప్పై మందీ పగలబడి నవ్వారు. బావ కారెక్కి, హారను కొట్టి, గేటు దాటి పోయాడు.

నేను సామాను సర్దుకుంటుంటే పలకలు చెక్కే ముసలమ్మ ఒకామె పక్కన కూర్చుని, “ఆ పొద్దు ఇంజను ఆయిలు లేకనే సచ్చిందని మాకు తెల్దా నాయనా? కూలిచ్చే ఆయప్ప మాట్లాడె, మేం నవ్వితిమి” అంది. అందరికీ మొదటినుంచీ తెలుసు. అది విన్నాక నా కోపం తగ్గుతుందని మీరనుకుంటారు. తగ్గలేదు.

బావ మూడేళ్ళ కిందట మంచం పట్టాడు. చివరి రోజుల్లో ఒకసారి నా చెయ్యి పట్టుకుని దగ్గరికి రమ్మన్నాడు. వంగి నోటి దగ్గర చెవి పెట్టాను. మజ్జిగ కావాలన్నాడు. తెచ్చి, తల ఎత్తిపట్టి తాగించాను. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా, ఇంకేమైనా అంటాడేమోనని తల అట్లాగే పట్టుకున్నాను. ఉప్పు తక్కువైందన్నాడు.

ఇంకా ఎందుకురా ఆ కోపం అంటుంది మా అక్క. నేను క్షమించలేదు, ఆ ఉద్దేశం కూడా లేదు. కానీ మా ఇంటి పిల్లలను చూస్తే ఒక్కోసారి దిగులు వేస్తుంది. వాళ్ళకూ ఒకరంటే ఒకరికి పడదు, ఫోనులో పేరు తీసేసుకుంటారు, అంతటితో పగా తీరిపోతుంది, చుట్టరికమూ తీరిపోతుంది. మన కాలంలో పగ పట్టాలన్నా ఆ మనిషి బండేసుకుని రావాలి, మన ఎదుట కూర్చోవాలి, మనం వడ్డించింది తిని ఇంకొంచెం వేయమనాలి. నాకు అట్లా ఏడు గురువారాలు వచ్చి కూర్చున్న శత్రువు ఉండేవాడు. ఈ పిల్లలకు అంతసేపు కూర్చునే స్నేహితుడు కూడా ఉన్నట్టు కనబడదు.