చలివేంద్రం కుండ పగలగొట్టిందెవరు

మొన్న మాచర్ల పోతూ రెంటచింతలలో బస్సు దిగి, దాహమై చలివేంద్రం దగ్గరికి పోతే, కుళాయి ఎవరో విరగ్గొట్టినట్టున్నారు, నీళ్లన్నీ రోడ్డుపాలవుతుంటే జనం చెప్పులు తడవకుండా తప్పుకుని నడుస్తున్నారు. ఎవరికైనా చెప్పారా అని పక్కన సోడాలమ్మే అతన్ని అడిగాను. "ఎవరికని చెప్పేది తాతా?" అన్నాడు. ఆ మాటకు, స్వరాజ్యం రాకముందు మా ఊరి బాటమీద పగిలిన కుండలు గుర్తుకొచ్చాయి.

బడి చదువు నాకు చిన్నప్పుడే ఆగిపోయింది గానీ, మా ఊరి గ్రంథాలయంలో బీరువా మొత్తం చదివినవాణ్ణని ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను. అక్కడ చదువుకునే యువకులమంతా కలిసి, నాపరాళ్ల గనికి పోయే కూలీల కోసం బాటపక్కన పందిరి వేసి, తడి ఇసుకమీద కుండ పెట్టాం. మిగతా ఊళ్లలోలాగా దూరంనుంచి దోసిట్లో నీళ్లు పోసే మనిషిని పెట్టలేదు. ఎవరైనా సరే ముంత తీసుకుని తామే ముంచుకోవాలని మా పట్టుదల.

ఏ రోజు పెట్టిన కుండ ఆ రోజే పగిలిపోయేది. ఆకతాయిల పని అనుకుని మునసబుగారికి ఫిర్యాదు చేస్తే, "కుండ పగిలితే కేసేందిరా? పగలగొట్టినోడి పేరు పట్టుకురా, రాసుకుంటా" అని నవ్వారు. సరే పేరే తెస్తానని, ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం జొన్నచొప్ప వామి చాటున కూచున్నాను. గనిలో పనిచేసే ఒక మాల ముసలమ్మ వచ్చి, కడుపారా నీళ్లు తాగి వెళ్లింది. ఆమె వెనకే మా పెదనాన్న వచ్చి చేతికర్రతో కుండ పగలగొట్టాడు. ఏమిటిదని నేను పరుగెత్తితే, దొంగలా బెదరలేదు సరికదా, "మైలపడ్డ కుండ పగలగొట్టకపోతే ఎట్టరా? నీ పుస్తకాల్లో ఆ ముక్క లేదా?" అని నన్నే అడిగాడు.

నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. ఆయన అన్నం తింటూ ఆయన పేరు చెప్పడమా అని ఆ పూటంతా కొట్టుమిట్టాడాను. సాయంత్రం మునసబుగారి అరుగుమీద నలుగురూ ఉండగానే చెప్పేశాను. మునసబుగారు కలం కింద పెట్టి, "మీ పెదనాన్నేనా? ఇంటికి పోరా, లాయరూ" అన్నారు.

ఇక నాకు మిగిలిందొకటే. తెల్లారి కొత్త కుండ పెట్టి, పెదనాన్న వచ్చేదాకా ఆగి, ఆ ముసలమ్మ తాగి దించిన ముంతతోనే నేనూ ముంచుకుని తాగాను. "ఇప్పుడు నేనూ మైలే పెదనాన్నా. ముందు నన్ను పగలగొట్టు" అన్నాను.

పైకెత్తిన కర్ర అట్లాగే ఆగింది. తరవాత చానాకాలం నాకు అన్నం వసారాలోనే పెట్టించాడు. కుండ మాత్రం వానలు పడేదాకా పగల్లేదు.

ఇప్పుడు ముంత పోయి, గొలుసేసిన స్టీలు గ్లాసు వచ్చింది. దాన్ని ఎవరు ముట్టుకున్నారని అడిగేవాళ్లు లేరు, సంతోషమే. కానీ కుళాయి విరగ్గొట్టిందెవరని అడిగేవాళ్లూ లేరు. సోడా అతని దగ్గర గుడ్డపీలిక అడిగి తీసుకుని, ఆ కుళాయికి బిగించి కట్టి, పంచాయతీ ఆఫీసు ఎటు అని అడుగుతూ బయల్దేరాను.