మా అరుగు మీద వైఫై విందు

భీమవరంలో మా వీధి చాలా ఆపదలు చూసింది గానీ, పోయినేడు ఒక ఆదివారం ఉదయం మా ఇంట్లో జరిగిన ఘోరానికి మాత్రం బాధ్యుణ్ణి నేనొక్కణ్ణే. వాన లేదు, వరద లేదు. ఉన్నదల్లా నా మర్యాద.

మా మనవరాలు లాస్య ఇంజనీరింగ్ చదువుతూ, ఐదుగురి జట్టులో ఆన్‌లైన్‌లో తుపాకుల ఆట ఆడుతుంది. ఆటలో దాని బొమ్మ పరుగెత్తుతూ పరుగెత్తుతూ, ఫొటోకి నిలబెట్టిన పెళ్ళికొడుకులా బిగుసుకుపోయేది. ఈలోగా ఎవడో కాల్చేసేవాడు.

"లాగ్ తాతయ్యా, నెట్ సరిగ్గా అందట్లేదు! ఫైనల్లో కూడా ఇలాగే అయితే నన్ను జట్టులోంచి తీసేస్తారు."

"నేనుండగా నీకు లాగ్ వస్తుందా? ముప్పై ఏళ్ళు ఈ జిల్లా టెలిఫోన్లన్నీ నా చేతిమీదుగా నడిచాయే అమ్మడూ!"

మీ దగ్గర దాపరికమెందుకు, నేను ఫిర్యాదులు రాసుకునే గుమాస్తాని. ఒక్క తీగైనా ముట్టుకున్న పాపాన పోలేదు.

ఫైనల్ నాటి పొద్దున్నే రంగంలోకి దిగాను. రౌటర్ నుంచి లాస్య కంప్యూటర్‌కి నేరుగా వైరు లాగించాను. మా అబ్బాయి ఫోన్‌లో వైఫై తీయించాను. కోడలు ఫోన్‌లో చూస్తున్న సీరియల్ ఆపించాను.

"ఫ్రిజ్ కూడా ఆపమంటారా మామయ్యగారూ?" అంది కోడలు.

"అది కూడా నెట్ వాడుతుందా?"

"లేదండి. మీ ఊపు చూసి అడిగాను."

లాగ్ మాయం! లాస్య మొహం వెలిగిపోయింది. "ఈ గంటసేపూ ఎవర్నీ నెట్ ముట్టుకోనివ్వకు తాతయ్యా" అంది. ఈగని కూడా వాలనివ్వనని అరుగు మీద కుర్చీ వేసుకున్నాను.

కాపలా కాసేవాడు నోరు మూసుకుని కూర్చోవాలా, వద్దా? నేను మా మనవరాలు ఫైనల్ ఆడుతోందని వీధంతా వినబడేలా చాటింపు వేశాను. ఎదురింటి సుబ్బరాజు గారు, రొయ్యల మేత కొట్టాయన, కుటుంబంతో సహా దిగారు. వెనకే ఇంకో పదిమంది.

"ఆయ్, పాప ఆట లైవ్‌లో వస్తుందంట కదండీ. మా ఫోన్లో చక్రం తిరుగుతుందే గానీ పాప రావట్లేదండి" అన్నారు సుబ్బరాజు గారు.

అరుగెక్కిన మనిషిని ఏమీ పెట్టకుండా కూర్చోబెట్టడం మా ఇంటావంటా లేదు. "దానికేం భాగ్యం, మా వైఫై పుచ్చుకోండి" అన్నాను. ఒకరికిచ్చి పక్కవారికి మానేస్తే ఏం బావుంటుంది చెప్పండి! భోజనాల బంతిలో పులిహోర వడ్డించినట్టు వరసగా అందరికీ పాస్‌వర్డ్ వడ్డించాను. మొహమాటపడ్డవాళ్ళ ఫోన్లు లాక్కుని మరీ నొక్కాను.

పద్నాలుగు ఫోన్లలో పద్నాలుగు లాస్యలు పరుగెత్తారు. అరుగంతా ఈలలు.

లోపల్నుంచి కేక. "తాతయ్యా, లాగ్!"

"వైరు కదిలిందేమో చూడమ్మా!" అన్నాను, పక్కవాళ్ళ ఫోన్లోంచి తలెత్తకుండా.

కాసేపటికి గుమ్మంలో ఎవరో నిలబడ్డారు.

"కొంచెం పక్కకి జరగమ్మా, ఏమీ కనబడట్లేదు" అన్నారు సుబ్బరాజు గారు. "పాప ఇంకొక్కణ్ణి కొడితే గెలిచేసినట్టే!"

"ఆ పాపని నేనే అంకుల్. నేను చచ్చిపోయి రెండు నిమిషాలైంది. మీకు లైవ్ లేటుగా వస్తుంది."

సుబ్బరాజు గారు దాన్ని చూశారు, ఫోన్ చూశారు. "ఉండమ్మా, అధైర్యపడకు. మా దాంట్లో నువ్వింకా బతికే ఉన్నావు!"

జట్టులో దాని చోటు మాత్రం బతకలేదు. ఆ సాయంత్రమే పోయింది.

అందుకే తడిబట్టలతో ప్రమాణం చేశాను: వచ్చినవారికి కాఫీ ఇస్తాను, పెసరట్టు పెడతాను, పడుకోవడానికి నా మంచమైనా ఇస్తాను. పాస్‌వర్డ్ మాత్రం ప్రాణం పోయినా చెప్పను. చెప్పడానికి నాకు తెలిస్తే కదా! లాస్య మర్నాడే దాన్ని మార్చేసి, నాకు తప్ప ఇంట్లో అందరికీ చెప్పింది.