మందులంగడి మామకు చెప్పుకున్న జబ్బు

మందులంగడి మామ ఇక లేడన్న కబురు నా భార్య తెచ్చింది. షెడ్డులో గ్రైండరు మోతకు నాకు ఫోను వినపడలేదు. ఆమె ఇంటినుంచి నడిచి వచ్చి, ఆ రాతిదుమ్ములోనే నిలబడి, మిషను ఆపమని చెయ్యి ఊపింది. "నంద్యాల మామ పోయినాడంట. నమాజు చేసి వచ్చి మంచం మీద కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడంట. పద, పోదాం" అంది. ముఖం కడుక్కుందామని తొట్టి దగ్గరికి పోయాను గానీ, ఎన్నిసార్లు కడిగినా ఏడుపు ఆగలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. నంద్యాలలో చిన్న మందుల దుకాణం నడిపిన ముస్లిం పెద్దాయన. నేను ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే పనివాణ్ణి. పదిమందిలో చెప్పుకోలేని ఒక జబ్బు మా ఇద్దరినీ కలిపింది. ఇన్నేళ్లూ దాన్ని దాచాను. ఆయన గురించి రాస్తూ కూడా దాస్తే ఆయన చేసిన మేలును దాచినట్టే.

పెళ్లయిన రెండో ఏడు మొదలైంది. రెండు మూడు నెలలకోసారి కింది పెదవి లోపల పుండు లేచేది. అవే రోజుల్లో మర్మాంగం మీద ఒకచోట దురద, మంట, ఎర్రగా కమిలి పైతోలు ఊడేది. కొన్నాళ్లకు మాని నల్లమచ్చ మిగిలేది. మళ్లీ వస్తే సరిగ్గా అక్కడే. ఒంట్లో వేడి అనుకుని మజ్జిగ తాగాను, సబ్జా గింజలు తాగాను. గజ్జి అనుకుని ఏదో ట్యూబు పూస్తే మంట ఇంకా ఎక్కువైంది. నేను బయట తిరిగినవాణ్ణి కాదు. కాబట్టి తప్పు నా భార్యదే అయి ఉంటుందని నా దిక్కుమాలిన బుద్ధి తేల్చేసింది. ఒకరోజు ఆ మాట నోరు జారి అనేశాను. ఆమె అరవలేదు. "నువ్వేనా ఈ మాటంటాండేది?" అని ఒక్కసారి అడిగి, బట్టలు సర్దుకుని పాములపాడులో పుట్టింటికి బస్సెక్కింది.

ఆళ్లగడ్డలో నన్ను ఎరగని మందుల దుకాణం లేదు. అందుకే నంద్యాల పోయాను. ఒక దుకాణం ముందు ఆడవాళ్లు కదిలేదాకా దగ్గుబిళ్లల సీసా చూస్తూ నిలబడితే, లోపలున్న పెద్దాయన పట్టేశాడు.

"ఏ ఊరప్పా?"

"ఆళ్లగడ్డ."

"ఆళ్లగడ్డోళ్లు నా కాడికొస్తారు, నంద్యాలోళ్లు ఆళ్లగడ్డకు పోతారు. నడుమ బస్సులోళ్లు బాగుపడతాండారు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వాక సగం సిగ్గు పోయింది. నన్ను పక్కసందులో మెట్ల మీదికి తీసుకుపోయి, ఎదురుగా కాకుండా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం రోడ్డు చూస్తూ మాట్లాడాం. ఇట్లాంటి పనిమీద వచ్చిన మగవాళ్లందరితో ఆయన అట్లాగే కూర్చునేవాడని తర్వాత తెలిసింది. "మొగం జూస్తే మొగోడు అబద్ధం చెప్తాడప్పా" అనేవాడు.

అంతా విని, "ట్యూబు అడగాకు, ఇయ్యను. మందులేమన్నా మింగుతాండావా?" అన్నాడు.

"ఏం లేదు మామా."

"ఎప్పుడెప్పుడు వస్తాంది?"

ఆలోచించి చూస్తే నాకే వింతనిపించింది. విగ్రహాలు లారీకెక్కే వారమే వస్తోంది.

"ఆ వారం ఏం తింటాండావు, ఏం తాగుతాండావు? ఒగటొగటీ చెప్పు."

అన్నం, సంగటి, టీ, టీతోపాటు నొప్పులబిళ్ల అని చెప్పుకుపోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

గడువు దగ్గరపడితే మా షెడ్డుల్లో అందరికీ భుజాలు పట్టేస్తాయి. టీ ఫ్లాస్కుతోపాటు బిళ్లలూ వస్తాయి. టీలో చక్కెరను ఎవరూ మందనుకోరు కదా, మాకు ఆ బిళ్ల కూడా అంతే. "మందులు వాడుతున్నావా?" అని ఏ డాక్టరు అడిగినా మావాళ్లందరూ లేదనే చెబుతారు, అది అబద్ధమని తెలియకుండానే.

"అది మందు గాకుంటే బెల్లమా?" అన్నాడు మామ. "నేను డాక్టరును గాదు. లెయ్, పోదాం" అని షట్టరు దించి, చర్మం డాక్టరు దగ్గరికి తానే తీసుకుపోయాడు. డాక్టరు చూశాడు, రక్తపరీక్షలు చేయించాడు. ఆ బిళ్లలో ఉన్న మందు నా ఒంటికి పడదని, మింగిన ప్రతిసారీ అవే చోట్ల రేగుతుందని, ఒకరినుంచి ఒకరికి అంటుకునేది కాదని చెప్పాడు. మందు పేరు చీటీ మీద రాసి, జన్మలో మళ్లీ ముట్టొద్దన్నాడు.

బయటికొచ్చి, "గండం గడిచింది మామా" అన్నాను.

"నీకు గడిచిందప్పా. పుట్టింటికి పోయిన ఆ పాపకో?" అన్నాడు. "చీటీ చూపిస్తే నీ తోలు సంగతి తెలుస్తాది. నువ్వన్న మాట సంగతి నోటితోనే చెప్పుకోవల్ల."

పాములపాడుకు తోడు రమ్మని బతిమాలాను. రానన్నాడు. "నేనొస్తే నా గడ్డం జూసి సరే అంటాది. అది నీతో అన్నట్టు గాదు."

పాములపాడులో నా భార్య చీటీ చదివి, మడిచి తిరిగిచ్చేసింది. "ఈ కాగితం లేకుంటే నన్ను నమ్మేటోనివి గాదు గదా?" అంది. బుకాయించడానికి మాటలు వెతుక్కుని, వదిలేశాను. "నమ్మేటోన్ని గాదు. తప్పు నాదే" అన్నాను. ఆమె వెంటనే రాలేదు. నెల తర్వాత తనే బస్సు దిగింది. ఆ పుండ్లు మళ్లీ రాలేదు. నంద్యాల పోయినప్పుడల్లా మామ ఆమెకు కుర్చీ వేసి, నన్ను మాత్రం నిలబెట్టే మాట్లాడేవాడు. అది నాకు తగిన మర్యాదే.

మామ చనిపోయిన రోజు మేం నంద్యాల చేరేసరికి ఆయన ఇంటి ముందు జనం. సగంమంది చుట్టాలు కారు. గోడవారగా ఒక్కొక్కరే, ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడి ఉన్నారు. నా భార్య లోపలికి పోయి మామ ఇల్లాలి చేతులు పట్టుకుంది. కిటికీలోంచి ఆమె గొంతు వాకిలిదాకా వినిపించింది. "ఈయనకు పుండ్లు లేచి, నా మీద అనుమానపడినాడమ్మా. మామ లేకుంటే నాకు కాపురం యాడిదమ్మా?"

అందరూ విన్నారు. ఒకప్పుడైతే సిగ్గుతో చచ్చేవాణ్ణి. ఆ రోజు నాకు అదేమీ అనిపించలేదు. గోడవారగా ఉన్న ఒకాయన తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. వాళ్లంతా నాలాగే ఎప్పుడో ఆ మెట్ల మీద మామ పక్కన కూర్చున్నవాళ్లే అనిపించింది.

మామను పడుకోబెట్టిన జనాజా పాడె లేచింది. భుజాలు మార్చుకుంటూ ఒక్కొక్కరు నాలుగడుగులు మోస్తారు. గోడవారగా నిలబడ్డ ఆ మనుషులంతా ఒకరి వెనక ఒకరు ముందుకొచ్చారు. నా నాలుగడుగులు అయ్యి తప్పుకుంటుంటే, వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి అందుకుంది. ఎవరో తెలియదు. బరువు భుజం మీదికి తీసుకుని, గట్టిగా ఏడుస్తూ నడిచిపోయాడు.