మడ అడవిలో పేరు పెట్టి పిలవరు

1999. కాకినాడలో బోటనీ లెక్చరర్‌గా పనిచేస్తున్న రోజుల్లో, కోరింగ మడ అడవుల మీద పరిశోధనకు హెలెనా అనే విదేశీ విద్యార్థిని వచ్చింది. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన చదువు ఆమెది. చెట్ల కోసం బయాలజీ, వాటి మధ్య బతికే మనుషుల కోసం ఆంత్రపాలజీ. దారి చూపడం, మాటలు తర్జుమా చేయడం నా పని. వట్టి పేరుతో పిలవడానికి నోరు రాక ‘హెలెనమ్మా’ అనేదాన్ని. అలా పిలిచేది నేనొక్కదాన్నే.

మా పడవ నడిపే నూకాలమ్మ పీతలు పట్టి బతికే మనిషి. హెలెనా వాళ్ల ఆచారాల గురించి అడిగితే, “అడవిలోకెళ్లాక పేరెట్టి పిలుచుకోమండి. తెడ్డుతో పడవ అంచు మీద కొడతాం. పేరు వినపడినా పలకం” అంది.

“ఎందుకని?” అన్నాను.

“పిలిచింది మనోళ్లో కాదో తెలీదు కదండీ.”

హెలెనా ముచ్చటపడి రాసుకుంది. నేను నవ్వేశాను. పాఠాలు చెప్పేదాన్ని కదా, ఇలాంటివి ఎన్ని వినలేదు!

మర్నాడు మిట్టమధ్యాహ్నం ట్రాన్సెక్ట్ వేశాం. అంటే తాడు లాగి, దాని వెంట ఉన్న ప్రతి మొక్కనూ గుర్తిస్తూ పోవడం. ఒక కొస పడవకు కట్టాం. రెండో కొస పట్టుకుని హెలెనా బురదలో లోపలికి వెళ్లింది. ఇంకా టైముందనుకుంటుండగానే సముద్రపు పోటు మొదలైంది. బురదలోంచి పొడుచుకొచ్చిన శ్వాసవేర్లు ఒక్కొక్కటే మునిగిపోతున్నాయి. ఒక్క పిట్ట కూడా కూయడం లేదు. తాడు లాగితే వదులుగా వచ్చేసింది. ఎవరి బిడ్డో, నన్ను నమ్మి ఇంత దూరం వచ్చింది.

పిలవబోయాను. నూకాలమ్మ చప్పున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దండి మేడంగారూ!”

తెడ్డు తీసి పడవ అంచు మీద ఆపకుండా కొట్టసాగింది. చాలాసేపటికి, మేం చూస్తున్న వైపు నుంచి కాదు, మా వెనక నుంచి, నడుంలోతు నీళ్లలో హెలెనా వచ్చింది. ఇద్దరం రెక్కలు పట్టి పడవలోకి లాగాం.

వణుకు తగ్గాక అడిగింది. “మీరు పిలవడం ఎందుకు ఆపేశారు?”

“నేను పిలవలేదే!”

“పిలిచారు. హెలెనమ్మా అని. అందుకే తాడు వదిలి అటు వెళ్లాను. ఎంత నడిచినా మీ గొంతు అంతే దూరంలో ఉంది. చెక్క చప్పుడు విని తిరిగొచ్చాను.”

ఆ మాటలు నేను తర్జుమా చేయలేదు. నా మొహం చూసి నూకాలమ్మే గబగబా పడవ తిప్పేసింది.

మడ చెట్ల మధ్య శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియదని తరువాత చాలామందికి వివరించాను. నేను అసలు నోరే తెరవలేదన్న సంగతి ఆ వివరణలో ఇమడదు. అప్పటి నుంచి నా వెంట వచ్చే ప్రతి విద్యార్థికీ ట్రాన్సెక్ట్ కన్నా ముందు ఒకటి చెబుతున్నాను. తెడ్డు చప్పుడు వినపడితే వచ్చెయ్యండి. నా గొంతు వినపడితే మాత్రం, అటు అడుగు వేయకండి.