గోడకెక్కిన తుపాకి

మా ఆయనకి కోపం వస్తే అరవడు, తుపాకి తుడుచుకుంటాడు. నలభై ఏళ్ల కాపురంలో నా మొహాన్ని అంత శ్రద్ధగా ఎప్పుడైనా చూశాడా అంటే, ఏమో, నాకైతే గుర్తులేదు.

ఆయన నాటకాల సామాన్ల మనిషి. కిరీటాలకి రంగులు, తెరలకి కుట్లు, కర్ర కత్తులకి వెండి కాగితాలు, అన్నీ ఆయన చేతి పనే. మాది చిన్న సమాజం కాబట్టి దుర్మార్గుడి వేషం కూడా ఆయనకే తగిలించారు. నాయికని నేను. పదకొండేళ్లు ఆఖరి రంగంలో ఆయన నన్ను కాల్చేవాడు, నేను చచ్చేదాన్ని. ఆయన మీట నొక్కగానే తెర వెనక ఒకతను రెండు పలకలు ఫట్టుమని కొట్టేవాడు. మూతి నుంచి మందు కూరే పాతకాలపు తుపాకి అది. ఏ పెద్దింటి అటక మీద నుంచో మా సమాజం పెద్దాయన తెచ్చాడట. సమాజం మూతపడ్డ రోజు, ఇవ్వడానికి ఇంకేమీ లేక, దాన్ని మా ఆయన చేతిలో పెట్టాడు. అప్పట్నుంచీ మా ముందుగదిలో గోడకెక్కింది.

ఈమధ్య ఇళ్లలో ఉన్న ఆయుధాలన్నీ స్టేషనుకి తెచ్చి చూపించాలని ప్రకటన వచ్చింది. "ఇచ్చి పారెయ్యండి, పీడా పోతుంది" అన్నాను. గోడ మీంచి తుపాకి దింపి తుడవడం మొదలెట్టాడు.

"నీకేం తెలుసు? దీనికి తూటాలు ఇప్పుడెవరూ చెయ్యరు. పాతకాలం సరుకు, అలంకారానికి పెట్టుకుంటే లైసెన్సు అక్కర్లేదు. చట్టంలోనే ఉంది!"

ఆ ముక్క పక్కింటాయనకీ, ఆఖరికి కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన అమ్మాయికీ కూడా అప్పజెప్పాడు. లాక్కుంటారేమోనని లోపల బెంగ. నాలుగు రోజులు సరిగ్గా ముద్ద దిగలేదు ఆయనకి.

తుపాకిని దుప్పట్లో చుట్టుకుని పొద్దున్నే స్టేషనుకెళ్లాం. తనిఖీ చేసేది ఒక ఇన్‌స్పెక్టరమ్మ. మా ఆయన చట్టమంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. ఆవిడ నవ్వి, "అంతా నిజమే బాబాయిగారూ. లోపల కూరిన మందు లేకపోతే చాలు. ఉంటే మాత్రం అది అలంకారం కాదు, ఆయుధమే" అంది.

"అందులో మందా!" అని నేనే కిసుక్కున నవ్వాను.

ఆవిడ సన్నటి చెక్కపుల్ల ఒకటి గొట్టంలోకి దింపింది. ఆగిన చోట మూతి దగ్గర గీత పెట్టి, పుల్ల బయటికి తీసి గొట్టం మీద ఆనించి చూసింది. అడుగుదాకా రావాల్సిన పుల్ల నాలుగు వేళ్ల ముందే ఆగిపోయింది. ఇంకోసారి దింపింది. మళ్లీ అంతే. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. తుపాకి మూతి గోడవైపు తిప్పి, "అందరూ బయటికి పదండి" అంది.

వరండాలో బెంచీ మీద కూలబడ్డాం. గంట తర్వాత నిపుణుడొకాయన వచ్చి, లోపలున్నదంతా తీసి, కాగితం మీద పోసి చూపించాడు. రెండు చెంచాల నల్లటి తుపాకిమందు, ఓ గుడ్డపీలిక, గోళీకాయంత సీసపు గుండు.

"ఎప్పుడు కూరారో! మీరు పుట్టకముందే అయ్యుంటుంది. చెమ్మ మాత్రం తగల్లేదు" అని చిటికెడు మందు పెరట్లో రాయి మీద పెట్టి అగ్గిపుల్ల చూపించాడు. భగ్గుమంది. "అమ్మో" అని మా ఆయన చొక్కా పట్టేసుకున్నాను. దేవుడా, పదకొండేళ్లు! నా గుండెకి ఆరడుగుల దూరంలో! పిల్లలు దాని కిందే కదా పడుకుని పెరిగారు!

ఇన్‌స్పెక్టరమ్మ కాగితం తీసింది. "తెలియక ఉంచుకున్నారు, మీ అంతట మీరే తెచ్చారు. మందు తీసేశాం కాబట్టి ఇంటికి తీసుకెళ్లొచ్చు కూడా. ఒక్కటే ప్రశ్న. మీట నొక్కితే పడే ఈ సుత్తి కింద చిన్న రాగి టోపీ పెడతారు, నిప్పు పుట్టించేది అదే. ఎప్పుడైనా పెట్టారా? పెట్టుంటే నేను కేసు రాయాలి."

"ఎప్పుడూ లేదమ్మా!" అన్నాను, ఆయన నోరు తెరిచేలోపే. ఆవిడ అదే రాసుకుని, సంతకానికి కలం ఇచ్చింది.

ఆయన కలం పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "పెట్టండీ" అని మోచేత్తో పొడిచాను.

"ఒకసారి పెట్టాను" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఏం పెట్టారు?"

"టోపీ. పలకలు కొట్టేవాడికి జ్వరమొచ్చిన రోజు. పాత సామాన్ల కొట్లో ఒకటి దొరికితే తెచ్చాను. ఉత్త టోపీయే కదా, కాస్త చప్పుడవుతుంది అంతే అనుకున్నాను. నొక్కితే పేలలేదు. వానకి నానిందో ఏమో."

ఆ రోజు నాకు బాగా గుర్తు. మీట నొక్కినా చప్పుడు రాకపోతే ఆయన నోటితోనే "ఢాం" అన్నాడు. హాలంతా గొల్లుమంది. నా చావుని నవ్వులపాలు చేశాడని వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

"ఎవరికి గురిపెట్టారు?" అంది ఇన్‌స్పెక్టరమ్మ మెల్లిగా.

ఆయన నావైపు చూడలేదు. "మా ఆవిడకి" అన్నాడు. "కేసు రాసుకోండమ్మా. ఆ తుపాకి నాకొద్దు."

ఆవిడ మొదటి కాగితం చింపేసి కొత్తది తీసింది. నేను చీర మీద ఎడమపక్క చెయ్యి ఆనించుకుని కూర్చున్నాను. సరిగ్గా అక్కడికే గురిపెట్టేవాడు, జనానికి బాగా కనపడాలని. ఆయన్ని నాలుగు తిట్టాలని నోరు తెరిచాను. ఏడుపొచ్చింది.